విరగనివాటికి గడి లేదు

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మా షెడ్డు గోడకి
ఒక రిజిస్టరు వేలాడుతుంది.
తేదీ, షిఫ్టు, విరిగిన టూలు, ఖరీదు, సంతకం.
ఆషాఢంలో ఒక్క వారంలో
నా సంతకాలు నాలుగు.

ఆరు మిల్లీమీటర్ల కార్బైడ్ కట్టరు
విరిగేటప్పుడు పెద్ద చప్పుడేం చెయ్యదు.
వేలి మెటిక విరిచినట్టు టిక్కుమంటుంది, అంతే.
ఆ తర్వాత స్పిండిలు
ఏమీ జరగనట్టే తిరుగుతుంది.
మిగిలిన మొండి గాలిని కోసుకుంటూ
ప్రోగ్రాం చివరిదాకా వెళ్ళొస్తుంది.
అదే నాకు భయం.
పని జరుగుతున్నట్టే ఉంటుంది.

నాలుగోది విరిగిన రాత్రి
చింతాడ గురువులు నా మిషను దగ్గరికొచ్చాడు.
ముప్ఫై ఏళ్ళు జూట్ మిల్లు మగ్గాల మధ్య బతికిన మనిషి,
రెండు చెవులూ ఆ మగ్గాలకే ఇచ్చేశాడు.
తిడతాడనుకున్నాను.
చొక్కా చేతులు మడిచి
మిషను తలుపుకి అరచెయ్యి ఆనించాడు,
పిల్లాడికి జొరం చూసినట్టు.

"వణుకుతున్నాది. ఎందుకు?"
స్పీడు ఎక్కువైందేమో అన్నాను.
నా పెదాలు చదివి తల అడ్డంగా ఊపాడు.
"గూడ్సు బండి ఎల్తంది, రాయగడ లైన్లో.
ముందది తెలుసుకో,
ఏ వణుకు ఎవులదో."

హోల్డరు విప్పించాడు.
కొల్లెట్టు లోపల గోటితో గీరి
ఎప్పటిదో అల్యూమినియం పొట్టు, వెంట్రుకంత,
నా అరచేతిలో పెట్టాడు.
అంత చిన్నది చాలట కట్టరు వంకర తిరగడానికి.
"నాలుగు పళ్ళున్నాయి దీనికి.
నలుగురు మొయ్యాల్సిన పల్లకి
ఒక్కడి బుజం మీద పడితే ఇరగడా?"
తుడిచి, బిగించి, డయలు పెట్టి తిప్పాం.
ముల్లు నిద్రపోయింది.

కట్టరుని బయటికి ఎంత పొడుగు వదిలానో చూసి నవ్వాడు.
"నుయ్యి సూడ్డానికి మెడ వంచితే సాలు,
మొలదాకా ఒంగుతావేటి?"
పాకెట్టులోకి నిటారుగా గుచ్చొద్దన్నాడు,
చెరువులోకి గేదె దిగినట్టు ఏటవాలుగా దించమన్నాడు.
కోసిన పొట్టు గాడిలోనే ఉండిపోతే
అదే మళ్ళీ నమలాలి,
కూలెంటు పైపు మెడ అటు తిప్పమన్నాడు.

మూడు విరిగాక భయమేసి
ఫీడు సగానికి దించానని ఒప్పుకున్నాను.
"అదీ నాలుగోదాని సావు.
మరీ మెల్లగెళ్తే కొయ్యదు, రాసుకుంటాది.
రాసుకుంటే స్టెయిన్‌లెస్సు గట్టిపడి మొండికేస్తాది.
తొందరకి ఇరిగినవి సూశాను గానీ,
నాయనా, బయానికి ఇరిగినవే ఎక్కువ."

స్టార్టు నొక్కాక
అరచెయ్యి తలుపు మీదే ఉంచి అడిగాడు:
"సౌండెలాగుంది?"

ఏడాదిన్నరగా ఆ మిషను పక్కనే నిలబడ్డాను.
చెవిటివాడికి చెప్పాల్సి వచ్చిన ఆ క్షణందాకా
నేను దాన్ని వినలేదు.
గోనెసంచి చింపుతున్నట్టుందని
రెండు చేతులతో చింపి చూపించాను.
"మంచిదే. పీక నొక్కిన కోడిలాగ అరిస్తే
ఆలోసించకు, ఆపీ."

అప్పట్నుంచి గంటకోసారి ఆపుతాను.
అద్దంలో పళ్ళ అంచులు చూస్తాను.
తెల్లటి గీత కాస్త వెడల్పయిందంటే
ఇంకో పీసు లాగుదామన్న ఆశ మింగి
కట్టరు తీసేస్తాను.
అలా తీసినవన్నీ పాత హార్లిక్స్ సీసాలో వేస్తున్నాను.
అరిగినవి, ఒక్కటీ విరగనివి.

దసరా ముందు ఓనరు రిజిస్టరు తిప్పాడు.
భాద్రపదం ఖాళీ. ఆశ్వయుజం ఖాళీ.
ఎవరో రాయడం మర్చిపోయారనుకున్నట్టున్నాడు,
పెన్ను ఎక్కడుందని అడిగి వెళ్ళిపోయాడు.
విరగనివాటికి అందులో గడి లేదు.
సీసా చూపిద్దామనుకుని
చూపించలేదు.

ఇవాళ గురువులికి సెలవు.
రెండున్నర దాటింది. వాన.
చెయ్యి తలుపుకి ఆనిస్తే
సన్నగా వణుకు.
బొటనవేలు రెడ్ బటన్ మీదకి వెళ్ళింది,
ఆగింది.

రైలే.